కంచంలో మిగిలిన రేకు

మా ఆయనను అందరూ చెవి మేస్త్రీ అంటారు. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటారు. లోపల ఏ వాల్వ్ గొణుగుతోందో, ఏ బేరింగ్ అరిగిందో చెప్పేస్తారు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినా నేను వంటింట్లోంచి పిలిస్తే మాత్రం ఆ చెవికి వినపడదు. ఆయన నా ఒంటికి స్క్రూడ్రైవర్ ఆనించడం కుదరదు కదా అని నేనే సరిపెట్టుకున్నాను.

షెడ్డు మా ఇంటికి అంటుకునే ఉంటుంది. వంటింటి గోడకి చిన్న కిటికీ. ఇవతల నా కుట్టు మిషను, అవతల ఆయన పనిబల్ల. నేను దిండు గలీబులు, కర్టెన్లు కుట్టి దుకాణాలకి వేస్తాను. ఆయన పాత వ్యాన్ల ఇంజిన్లు విప్పి బిగిస్తారు. నీళ్ళు అక్కర్లేకుండా గాలితోనే చల్లబడే రకం అవి. అటు రెండు, ఇటు రెండు సిలిండర్లు వెల్లకిలా పడుకుని ఉంటాయి. పైన ఒక ఫ్యాను, దాని చుట్టూ రేకు డొప్ప. అలాంటివి తయారుచేసేవాళ్ళు మానేసి చాలాకాలమైంది గానీ, ఆ వ్యాన్లు మాత్రం చావమన్నా చావవు.

ఆయన పనికి ఒక పద్ధతుంది. ఇంజిన్ విప్పే ముందు నా దగ్గర్నుంచి ఒక స్టీలు కంచం పట్టుకెళ్తారు. ఒక ఇంజిన్‌కి ఒక కంచం. విప్పిన ప్రతి బోల్టూ, వాషరూ, క్లిప్పూ అందులో పడాలి. బిగించడం అయ్యేసరికి కంచం ఖాళీ కావాలి. "తిన్నాక మెతుకు మిగిలితే వండినవాళ్ళకి అవమానం, బిగించాక వాషర్ మిగిలితే మేస్త్రీకి అవమానం" అంటారు. పని పూర్తయిన రోజున ఖాళీ కంచం తళతళలాడేలా తుడిచి కిటికీలోంచి నాకు అందిస్తారు. అది నా చేతికొచ్చిందంటే ఆ ఇంజిన్‌కి ఇక ఢోకా లేదని అర్థం. మా ఇంట్లో కంచాలన్నిటికీ కాస్త పెట్రోలు వాసన ఉంటుంది. చుట్టాలు మొహమాటానికి ఏమీ అనరు.

ఒక్క ఇంజిన్ కంచం మాత్రం పదకొండేళ్ళయినా నా చేతికి రాలేదు. అది మా తమ్ముడి ఇంజిన్.

మా తమ్ముడు కొండ మీది దుకాణాలకి వ్యాన్లో కూల్‌డ్రింక్ పెట్టెలు వేసేవాడు. నవ్వుల మనిషి. పది పెట్టెలు పట్టేచోట పదిహేను ఎక్కించి, "బావ చేసిన ఇంజిను. బావలాగే మోస్తుంది, మాట్లాడదు" అనేవాడు. ఒక ఏడాది ఇంజిన్‌కి పుల్లింగ్ తగ్గిందని తెచ్చి మా ఆయనకి అప్పగించాడు. సామాను కొనే స్తోమత లేక మూడు నెలలు అది సగం బిగించి షెడ్డులోనే పడి ఉంది. చివరికి పాతసామాన్ల కొట్లో దొరికిన ఇంకో చచ్చిన ఇంజిన్‌లోంచి మంచి ముక్కలు ఏరి, రెండిటినీ కలిపి ఒకటి చేశారు. తమ్ముడు బండి పట్టుకెళ్ళిన ఆరో రోజు, గురువారం, ఘాట్ రోడ్డు ఏడో మలుపు దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. వాడు హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రం వెనక రాయి పెడదామని దిగాడు. బ్రేకు జారింది. పదిహేను పెట్టెల బరువుతో బండి వెనక్కి, వాడి మీదికి వచ్చింది.

తప్పు హ్యాండ్‌బ్రేకుదని కాగితాల్లో రాశారు. బండిని తుక్కు కింద అమ్మేశారు. ఇంజిన్‌ను మాత్రం మా ఆయన తెచ్చి షెడ్డు మూల స్టాండు మీద పెట్టి టార్పాలిన్ కప్పారు. విప్పలేదు, అమ్మలేదు. ఎందుకండీ అని అడిగితే "ఉండనీ" అన్నారు, అంతే.

ఆ ఏడు నుంచే మొదలైంది. దూరం నడిచొచ్చిన ఇంజిన్‌ను ఆపాక, ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంది కదా. పదకొండేళ్ళుగా ఒక్కసారైనా స్టార్ట్ కాని ఆ ఇంజిన్ రోజూ ఎండ దిగేవేళకి ఆ చప్పుడు చేస్తోందని ఆయన అనేవారు. చేతిలో పని ఆపి, మూలకేసి చూస్తూ నిలబడిపోయేవారు.

"విన్నావా?"

"రేకుల కప్పండీ అది. పొద్దంతా ఎండకి సాగి ఇప్పుడు ముడుచుకుంటోంది."

"రేకుల చప్పుడు నాకు తెలీదా? ఇది ఇప్పుడే వచ్చి ఆగిన బండి చప్పుడు. వాడొచ్చాడు."

చెవి మేస్త్రీతో చప్పుళ్ళ గురించి వాదించి ఎవరు గెలుస్తారు? నవ్వేసి మిషను తొక్కుకునేదాన్ని. ఒకరోజు ఆయన టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు లాక్కోవడం కిటికీలోంచి చూశాను. కుళాయి కింద అరచెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. దగ్గరికెళ్ళి చూస్తే చేతిమీద ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఆ విషయంలో ఆయన్ని ఆటపట్టించడం మానేశాను.

ఇంకొకటి కూడా ఉంది. కంచంలో మెతుకు మిగలకూడదని పాఠాలు చెప్పే మనిషి, ఆ ఏడు నుంచి ఏ పూటా కంచం ఖాళీ చెయ్యలేదు. ఒక మూల రెండు ముద్దలు మిగిల్చి లేచేవారు. వంట బాలేదా అంటే బాగుందనేవారు. తిట్టేదాన్ని, అలిగేదాన్ని. ఏం చేసినా ఆ రెండు ముద్దలూ మిగిలేవి.

తమ్ముడి కూతురికి అప్పుడు పదమూడేళ్ళు. ఇప్పుడు ఇరవై నాలుగు. లాండ్రీలో పని నేర్చుకుని సొంతంగా పెట్టుకుంది. కొండ మీది ఆసుపత్రి దుప్పట్లూ గలీబులూ ఉతికే పని దొరికింది. నీళ్ళుండేది కింద కాబట్టి ఉతికేది కింద. ఆసుపత్రి వెనక మైదానంలో ఎండా గాలీ ఉంటాయి కాబట్టి ఆరేసేది పైన. అంటే తడి బట్టలు ఘాట్ ఎక్కించాలి. తడి బట్టల బరువు ఎంతో మోసినవాళ్ళకే తెలుసు. ఎక్కడో ఇంజిన్ లేని వ్యాను ఒకటి చవగ్గా కొనుక్కుని, ఒక మధ్యాహ్నం నా మేనకోడలు తిన్నగా షెడ్డులోకి వచ్చింది.

"మావయ్యా, నాకు స్పీడొద్దు. లోడుతో రెండో గేర్లో ఘాటెక్కాలి, అంతే. పుల్లింగ్ కావాలి. కొత్త ఇంజిన్ కొనేంత లేదు నా దగ్గర."

"చూద్దాంలేమ్మా. పాతదేదైనా దొరుకుతుంది."

"దొరకడమెందుకు? నాన్నది ఉందిగా."

ఆయన చేతిలో స్పానర్ కింద పడింది. వారం రోజులు ఏదో ఒక సాకు చెప్పారు. కేసు పగిలి ఉంటుందన్నారు, తుప్పు పట్టి ఉంటుందన్నారు, రెండ్రోజులు నడుమునొప్పి కూడా తెచ్చుకున్నారు. ఎనిమిదో రోజు మేనకోడలు వచ్చి తనే టార్పాలిన్ లాగేసింది. అచ్చం వాళ్ళ నాన్న మొండితనమే.

"ఇది ఎందుకాగిందో నాకు తెలియాలి మావయ్యా. అది తెలీకుండా ఏ ఇంజిన్ పెట్టినా నేనా మలుపు దాటలేను. రేపు దాటకపోతే ఈ పనీ ఉండదు నాకు."

అది వెళ్ళాక ఆయన వంటింట్లోకి వచ్చి, చొక్కా లోపలి జేబులోంచి ఒక చిన్న రేకు తీసి బల్ల మీద పెట్టారు. అరచేతిలో సగం ఉంటుంది. అంచులు వేళ్ళ మధ్య అరిగి నునుపు తేలాయి.

"సిలిండర్ల కింద అటొకటి, ఇటొకటి బిగించే రేకు ఇది. పైనుంచి వచ్చే గాలిని కింద చుట్టూ తిప్పుతుంది. ఇది లేకపోతే ఇంజిన్ కాలిపోతుంది. బండి ఇచ్చిన రెండో రోజు కంచం తుడుస్తుంటే కనపడింది. శనివారం వాల్వులు సర్దడానికి ఎలాగూ వస్తాడు కదా, అప్పుడు పెడదాంలే అనుకున్నాను. వాడు శనివారం దాకా ఉండలేదు."

గురువారానికీ శనివారానికీ మధ్య ఉన్న ఆ ఒక్క రోజులో ఈ మనిషి పదకొండేళ్ళు కాపురం చేశాడన్నమాట. దొంగకి తేలు కుట్టినట్టు, కుయ్యిమనకుండా. ఒకటే మంచం మీద పడుకుని నాకు తెలియలేదే అని నా మీద నాకే కోపం వచ్చింది. చచ్చినవాడు నా తమ్ముడు కాబట్టే నాతో చెప్పలేదని ఆ తర్వాత తట్టింది.

మర్నాడు పొద్దున్నే నా చేతి అద్దం అడిగి తీసుకున్నారు. ఇంజిన్ కింద గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో అద్దం పట్టుకుని ఎడంవైపు చూశారు. కుడివైపు చూశారు. చాలాసేపు కదల్లేదు. ఏమైందోనని నేను కిటికీలోంచి తల పెట్టాను.

"ఉంది" అన్నారు కింద నుంచి. గొంతు ఆయనది కాదేమో అనిపించింది. "రెండు రేకులూ ఉన్నాయే! దేని చోట్లో అది ఉంది."

"మరి జేబులోది?"

"ఆ తుక్కు ఇంజిన్‌ది అయ్యుంటుంది. ఆ రోజు నువ్వు ఒకటే కంచం ఇచ్చావు. రెండు ఇంజిన్ల సామాను ఒకదాంట్లోనే వేశాను."

గోనె మీద అలాగే పడుకుని, అద్దం గుండెల మీద పెట్టుకుని ఏడ్చారు. ఆ కాసేపటికే వయసు పదేళ్ళు తగ్గిపోయినట్టు లేచారు. మధ్యాహ్నం రెండుసార్లు వడ్డించుకుని, కంచం వేలితో తుడిచి మరీ తిన్నారు. ఖాళీ కంచం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సాయంత్రం షెడ్డులో ఏ చప్పుడూ వినపడలేదని చెప్పారు. నేనైతే మనసులో తమ్ముడికి చెప్పుకున్నాను, మీ బావ తప్పేం లేదురా అని.

ఆ సంతోషం ఒక్కరోజే.

మర్నాడు ఆయన ఫ్యాను డొప్ప విప్పారు. నేను బొబ్బిన్‌కి దారం చుట్టుకుంటూ కిటికీలోంచి చూస్తున్నాను. డొప్ప పైకి లేపగానే ఆయన చేతులు అక్కడే ఆగిపోయాయి. ఆ డొప్ప లోపల మూడో సిలిండర్‌కి వెళ్ళే గాలికి అడ్డంగా ఆయిల్ చల్లార్చే జాలీ ఉంటుంది. అందుకే నాలుగింటిలో దానికెప్పుడూ గాలి తక్కువ. ఆ జాలీకి, సిలిండర్‌కి మధ్య సందులో ఏదో నల్లగా కుక్కి ఉంది. ముక్కుశ్రావణంతో మెల్లగా లాగారు. గుడ్డ. చాలామటుకు మాడిపోయింది. ఒక అంచు మాత్రం మిగిలింది. నీలం మీద తెల్లచుక్కలు.

ఆయన దాన్ని వెలుగుకి పెట్టి చూశారు. ఆ అంచు రెండు మడతలు వేసి కుట్టి ఉంది. దుకాణాల వాళ్ళు ఒక మడత చాలంటారు. నేను రెండు వేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా ఆయన తల పెట్టుకునే గలీబులకి ఉండేది ఆ కుట్టే.

"ఎలుకలు" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "గూడు కట్టుకోవడానికి ఎక్కణ్ణుంచో లాక్కొచ్చి ఉంటాయి." గుడ్డను జేబులో పెట్టుకున్నారు. రేకు ఉండే జేబులోనే.

ఎలుకలే కారణం, ఒక లెక్కన. ఇంజిన్ సగం బిగించి పడి ఉన్న ఆ మూడు నెలల్లో షెడ్డు నిండా ఎలుకలు. నా గుడ్డల మూట ఒకటి కొరికి పోగులు పెట్టాయి. దాంతో ఒళ్ళు మండి, చిరిగిన గలీబు ముక్కలు తీసుకెళ్ళి ఆ ఇంజిన్‌కి ఎక్కడెక్కడ కన్నం ఉందో అక్కడల్లా కుక్కాను. ఫ్యాను మూతిలో కూడా, చీపురుకర్ర వెనక్కి తిప్పి పొడిచి మరీ కుక్కాను. బిగించే ముందు ఆయనతో చెప్పాను కూడా, "గుడ్డలు పెట్టాను, తీసెయ్యండి" అని. ఆయన కనపడినవి తీశారు. ఎన్ని పెట్టానో నేను చెప్పలేదు. నేనే లెక్కపెట్టుకోలేదు. ఆయన కంచంలో ఉండేవి ఇంజిన్‌లోంచి బయటికి వచ్చినవి మాత్రమే. నా చేతి మీదుగా లోపలికి వెళ్ళినదానికి ఆ కంచంలో లెక్క లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆ ఇల్లు మా తమ్ముడిది.

తర్వాత మూడో సిలిండర్ తల విప్పితే వాల్వ్ విరిగి పిస్టన్లో దిగబడి ఉంది. వేడికి మెత్తబడి తెగింది. ఇక అనుమానానికి చోటు లేదు.

ఆ మధ్యాహ్నం మేనకోడలు రాకముందు ఆయన ఇంజిన్ కింద మళ్ళీ పడుకున్నారు. ఒక రేకు ఊడదీసి, పాత ఇనుము డబ్బాలో పడేశారు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. మేనకోడలు వచ్చాక స్టూలు మీద కూర్చోబెట్టి, జేబులోంచి అరిగిపోయిన రేకు తీసి దాని చేతిలో పెట్టారు.

"ఇది బిగించడం మర్చిపోయాను తల్లీ. అందుకే కాలిపోయింది. తప్పు నాది."

నేను కిటికీకి ఇవతల ఉన్నాను. ఒక్క మాట చాలు, "కాదు" అని. నా కాలు మిషను పెడల్ మీద ఉంది, సూది గుడ్డలో ఉంది. మిషను తొక్కాను. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

అది ఆ రేకును తిప్పి తిప్పి చూసింది. "పదకొండేళ్ళు జేబులో పెట్టుకు తిరిగావా మావయ్యా?" అంది. ఆయన తలూపారు. అది లేచి, ఇంజిన్ కిందికి దూరి, గంట క్రితం ఆయన ఖాళీ చేసిన చోట్లో ఆ రేకును తన చేత్తో టప్పున బిగించింది. "ఇప్పుడుంది. ఇక దీని గురించి మాట్లాడొద్దు. అన్నం సరిగ్గా తిను" అంది. ఆ సాయంత్రం ఆయన కంచంలో రెండు ముద్దలు మళ్ళీ మిగిలాయి.

తర్వాత మూడు వారాలు పని జరిగింది. అంత మనసు పెట్టి ఆయన ఏ ఇంజిన్‌నూ చేసి ఉండరు. ఉన్నంతలో పుల్లింగ్ ఎలా వస్తుందో మేనకోడలికి చెబుతూ చేశారు. పెద్ద కార్బొరేటర్ కావాలా అని అది అడిగితే, "పెద్ద నోరు పరుగెత్తేవాడికమ్మా, బరువు మోసేవాడికి చిన్న నోరు, గట్టి ఊపిరి చాలు" అన్నారు. కొంచెం లావు పిస్టన్లు నాలుగు వాడినవే దొరికాయి. బరువులు తేడాగా ఉంటే ఇంజిన్ వణుకుతుందని, వాటిని కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి బంగారం తూచే కాటాలో తూయించారు. "మేస్త్రీ గారు ఇన్నాళ్ళకి ఆవిడకి నగ చేయిస్తున్నారు, ఒక్కోటి అర కిలో" అని కంసాలి నవ్వాడట. బరువెక్కువున్నవాటిని లోపలివైపు ఆకురాయితో గ్రాము గ్రాముగా దించారు. సిలిండర్ల అడుగున ఉండే పల్చటి రింగులు తీసేసి లోపలి ఒత్తిడి కొంచెం పెంచారు. వాల్వులకి పేస్టు రాసి పుల్లతో గంటలకొద్దీ తిప్పి కూర్చోబెట్టారు. ఒత్తిడి పెరిగితే వేడి పెరుగుతుంది కాబట్టి, గాలి పక్కకి జారకుండా డొప్ప చుట్టూ ప్రతి సందుకీ కొత్త రబ్బరు వేశారు. షెడ్డులో ఇప్పటికీ ఎలుకలున్నాయి. రోజూ పని ఆపేటప్పుడు కన్నాల్లో గుడ్డలు ఆయనే పెట్టి, ఎన్ని పెట్టారో గోడ మీద సుద్దతో రాసేవారు. ఆ అంకె నా కిటికీకి ఎదురుగా కనపడేది.

చప్పుడు ఇప్పుడు నాకు వినపడటం మొదలైంది.

ఇంజిన్ ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఉంది. కేసు ఒకచోట, సిలిండర్లు ఒకచోట, పిస్టన్లు గుడ్డలో చుట్టి ఒకచోట. చల్లారడానికి అక్కడ ఇంజినే లేదు. అయినా ఎండ దిగేవేళకి టిక్కు, కాసేపాగి మళ్ళీ టిక్కు. మిషను ఆపితే ఇంకా బాగా వినపడేది. రేకుల కప్పేనని నాకు నేను చెప్పుకున్నాను. అదే మాట పదకొండేళ్ళు ఆయనతో ఎంత తేలిగ్గా అన్నానో గుర్తొచ్చింది. నీలం గుడ్డ తాను ఒకటి అలమరలో ఉంటే తీసి బయటపడేశాను. ఆయన చూసి కూడా ఎందుకని అడగలేదు. ఇద్దరం ఒకే దెయ్యాన్ని ఇంట్లో పెట్టుకుని, అది లేనట్టు ఒకరికొకరం వడ్డించుకున్నాం.

ఒకసారి అడగబోయాను. "ఏమండీ, ఆ గుడ్డ..."

"ఎలుకలన్నానుగా" అన్నారు. అంత గట్టిగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

మొదటి లోడు రోజు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికే లాండ్రీ ముందు వ్యాను నిండా తడి దుప్పట్ల మూటలు. ఈ వ్యాన్లకి ఇంజిన్ వెనకుంటుంది. ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వెనక మూటల మధ్య, ఇంజిన్ మూత మీదికి ఒరిగి కూర్చున్నారు. నేను రానంటే మేనకోడలు ఒప్పుకోలేదు. "నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం అత్తయ్యా" అని చెయ్యి పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టింది.

ఇంజిన్ బాగుంది. అది నాక్కూడా తెలిసింది. మూడో మలుపు, నాలుగో మలుపు, ఎక్కడా రొప్పకుండా ఎక్కుతోంది. మేనకోడలు మాత్రం స్టీరింగు వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. ఆరో మలుపు దగ్గర దాని పెదాలు కదులుతున్నాయి. ఏం గొణుగుతోందా అని చూస్తే, "రేకుంది, రేకుంది" అంటోంది. తనను తాను ధైర్యపరుచుకోవడానికి అది పట్టుకున్నది ఆ అబద్ధాన్ని.

"రేకు కాదే" అన్నాను. "రేకు మీ మావయ్య మర్చిపోలేదు. ఆ రోజు దాని చోట్లోనే ఉంది. గుడ్డ కుక్కింది నేను. ఫ్యాన్లో గుడ్డ. నా గలీబు గుడ్డే మీ నాన్న ఇంజిన్ని ఆపింది."

అది నా వైపు తిరగలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తియ్యలేదు. ముందు ఏడో మలుపు కనపడుతోంది.

"ఇక్కడ ఆపకూడదు" అంది. "పైకెళ్ళాక."

బండి ఏడో మలుపు తిరిగింది. నేను లోయ వైపు చూడలేదు, రోడ్డు వైపూ చూడలేదు. దాని చెంప మీదినుంచి నీళ్ళు కారి మెడలోకి పోతుంటే అవి చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రి వెనక మైదానంలో ఆపి తాళం తిప్పింది. వెనక నుంచి ఆయన గొంతు, "మూడోది విన్నారా! నాలుగిట్లో అదే మెత్తగా నడుస్తోంది!" అని. ఎన్నేళ్ళకో విన్నాను ఆ గొంతులో ఆ సంబరం.

"మావయ్య దిగేలోపు చెప్పు" అంది మేనకోడలు. "మొదట్నుంచి."

ఇంజిన్ హోరులో చెప్పిన మాటను ఆ నిశ్శబ్దంలో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎలుకలు, చీపురుకర్ర, రెండు మడతల కుట్టు, పాత ఇనుము డబ్బాలో రేకు, అన్నీ చెప్పాను. అది అడిగింది ఒక్కటే.

"ఎన్ని గుడ్డలు పెట్టావు?"

"తెలీదు తల్లీ. లెక్కపెట్టలేదు."

అది దిగి వెనక తలుపు తీసింది. మూటల మధ్య నవ్వుమొహంతో కూర్చున్న మా ఆయనతో, "నువ్వేం వదల్లేదు మావయ్యా. నీ కంచం ఖాళీయే" అంది. ఆయన నవ్వు ఆగిపోయింది. దాని భుజం మీదుగా నన్ను చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఎందుకు చెప్పావు, నేనున్నానుగా అన్నట్టు ఉంది.

దుప్పట్లు ముగ్గురం ఆరేశాం. దిగేటప్పుడు అది, "మావయ్యా, ముందుకు రా. అత్తయ్య వెనక కూర్చుంటుంది" అంది. ఖాళీ బుట్టల మధ్య, ఇంజిన్ మూత మీద కూర్చున్నాను. వేడి బట్టల్లోంచి తగులుతోంది. న్యాయమే అనుకున్నాను.

ఏడో మలుపు దాటిన పది గజాలకి బండి ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగిన చప్పుడు. మేనకోడలు దిగి, రోడ్డు పక్కనుంచి తలంత రాయి ఎత్తుకొచ్చి ముందు చక్రం కింద పెట్టింది. తర్వాత వెనక తలుపు తీసి, "దిగు అత్తయ్యా" అంది. ముగ్గురం బండి పక్కన నిలబడ్డాం. అదే చోటు. ఇంజిన్ చల్లారుతూ టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. ఆయన నాకేసి చూశారు, వినపడుతోందా అన్నట్టు. తలూపాను. మేనకోడలు కూడా వింటోంది. చప్పుళ్ళ మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ, చివరికి గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

అది వంగి చక్రం కింది రాయి తీసింది. లోయలోకి విసురుతుందనుకున్నాను. తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బరువుకి నా చేతులు కిందికి జారాయి.

"వారానికి రెండు లోడ్లు. ప్రతి లోడుకీ నువ్వు నాతో రావాలి" అంది. "ఈ దారిలో బండి ఎక్కడాగినా నేను దిగను. రాయి పెట్టేది నువ్వు."

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. రాయి నా సీటు కింద ఉంటుంది. అది ఇప్పటికీ నన్ను అత్తయ్యా అనే పిలుస్తుంది, ఘాట్ దారి పొడుగునా మాత్రం మాట్లాడదు. ఆ ఇంజిన్ కంచాన్ని మా ఆయన తుడిచి కిటికీలోంచి నాకు అందించారు. అందులోనే ఆయనకి వడ్డిస్తాను, మెతుకు మిగల్చకుండా తింటారు. ఎండ దిగేవేళకి షెడ్డులో నాకింకా వినపడుతుంది. మిషను ఆపి, అయిపోయేదాకా వింటాను.